ఊరి లెక్కలు – 9: ఏ వీధికి?

పంచాయతీ లెక్కల కాగితం ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? చూడకపోతే ఒకసారి చూడండి. పెద్ద కాగితమేం కాదు. ఆదాయం ఒక పక్క, ఖర్చు ఒక పక్క. ఇంటి పన్ను, కుళాయి పన్ను, చేపల చెరువు పాట, ఆర్థిక సంఘం నిధులు వచ్చినవి. వీధి దీపాలు, పారిశుధ్యం, తాగునీరు, రోడ్ల మరమ్మతులు, కరెంటు బిల్లు, జీతాలు, ఇతరములు పోయినవి. రెండు వైపులా మొత్తాలు సరిపోతాయి. ఆడిట్ వాళ్లు వచ్చి టిక్కు పెట్టి వెళ్తారు.

ఆ కాగితంలో ఎక్కడా కులం కనపడదు. అది చూసి సమానత్వం అనుకుంటారు చాలామంది. ఆ కాగితంలో ఒక మాట లేదని చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను. అందులో వీధి పేరు లేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. వాక్యం కనిపిస్తే ఎవరు, ఏమి, ఎవరికి అని వెతకడం అలవాటు. 'రోడ్డు వేశారు' అన్నది పూర్తి వాక్యమే. తప్పేం లేదు. కానీ 'ఏ వీధికి' అన్న ఆ ఒక్క 'కి' తీసేస్తే, రోడ్డు పడిన వీధిలో నిలబడి చదివినా ఆ వాక్యం నిజమే, పడని వీధిలో నిలబడి చదివినా నిజమే. మోసం చేయడానికి అబద్ధం రాయనక్కర్లేదు. ఆ 'కి' రాయకుండా వదిలేస్తే చాలు.

మా వైపు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. మాది మొవ్వ మండలం. సాహిత్యం చదువుకున్నవాళ్లకు మొవ్వ అంటే క్షేత్రయ్య, ఆయన పదాల్లోని మువ్వగోపాలుడు. పక్కనే కూచిపూడి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది నీళ్లు. కృష్ణా డెల్టాలో కింది భాగం ఇది. బందరు వైపు పోయేకొద్దీ బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడతాయి. అందుకని చాలా ఊళ్లకు తాగేనీరు కాలవ నుంచే రావాలి. కాలవ వదిలినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఎండాకాలం కాలవ కట్టేశాక ఆ చెరువే దిక్కు. చెరువు నుంచి ఫిల్టర్ బెడ్డుకు, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు, ట్యాంకు నుంచి గొట్టాల్లో ఇళ్లకు.

గొట్టం మొదట్లో ఉన్న ఇంటికి నీళ్లు దూకుతాయి. చివర ఉన్న ఇంటికి కారతాయి. చివర ఎవరుంటారో మీకు చెప్పక్కర్లేదు.

మురుగు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. డెల్టాలో నేల చదును. జానెడు పల్లం కూడా పెద్ద లెక్కే. మెరక మీద ఊరు ఉంటుంది, పల్లంలో పేట ఉంటుంది. నాలుగు చినుకులు పడితే ఊరి మురుగంతా వెతుక్కుంటూ మా గడపల్లోకి వస్తుంది. మంచినీళ్లు అందరికంటే చివర, మురుగునీళ్లు అందరికంటే ముందు. ఇందులో ఎవరూ మా కులం పేరు పెట్టి ఏ ఉత్తరువూ ఇవ్వలేదు. ఎప్పుడో మమ్మల్ని ఎక్కడ ఉండమన్నారో, నీళ్లు ఇప్పటికీ ఆ లెక్కనే పారుతున్నాయి. అలాంటి చోట 'తాగునీరు', 'పారిశుధ్యం' అని ఊరంతటికీ కలిపి ఒక్క పద్దు రాస్తే, ఆ పద్దు పెద్ద వీధిలో ఒక అర్థం ఇస్తుంది, మా పేటలో ఇంకో అర్థం ఇస్తుంది.

మా ఊరి పేరు రాయను. ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టడం ఇక్కడ నా పని కాదు. పైగా పక్క ఊరికి వెళ్లినా ఇదే కథ.

1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు ఒక పని అప్పగించింది. ఏడాది లెక్కలు, ఆడిట్ నివేదిక, చేయబోయే పనుల జాబితా, కొత్త పన్నుల ప్రతిపాదనలు జనం ముందు పెట్టాలి. గ్రామసభ జరపాల్సిన తేదీల్లో ఏప్రిల్ 14 ఒకటి. అవును, బాబాసాహెబ్ జయంతి రోజే. ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ అంతకంటే మంచి రోజు దొరకదు.

మా ఊళ్లో ఆ రోజు ఏం జరుగుతుందో చెప్తాను. విగ్రహం దగ్గర మా పేట జనమంతా ఉంటారు. దండలు, కేకు, మజ్జిగ ప్యాకెట్లు. జనం ఎటూ పోగయ్యారు కదా అని గ్రామసభ రిజిస్టరు కూడా అక్కడికే వస్తుంది. ఒక చేతిలో మజ్జిగ ప్యాకెట్టు, ఒక చేతిలో పెన్ను. రెండేళ్ల కిందట మా పెద్దమ్మ ఒకావిడ వేలిముద్ర వేసి, "దేనికే అమ్మాయ్ ఇది?" అని నన్నడిగింది. "గ్రామసభ జరిగిందనటానికి పెద్దమ్మా" అన్నాను. "ఎక్కడ జరిగింది?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరు దగ్గర ఉంది.

ఆ రోజే లెక్కల కాగితం అడిగి తీసుకున్నాను. కార్యదర్శి ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాని కుర్రాడు. మంచివాడే, దాచలేదు. 'సీసీ రోడ్లు' అన్న పద్దు చూపించి "ఇది ఏ వీధికండీ?" అని అడిగాను. "మేడం, మా ఫార్మాట్‌లో వీధి కాలమ్ ఉండదండీ" అన్నాడు. నిజమే చెప్పాడు. పక్కనే కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఒకరు కలగజేసుకున్నారు. "ఊరంతా ఒకటే కదమ్మా. చదువుకున్నదానివి, నువ్వే ఇట్టా వీధులు విడదీసి మాట్లాడితే ఎట్టా?"

"విడదీసింది నేను కాదండీ. నేను పుట్టేటప్పటికే విడదీసి ఉంది" అన్నాను. ఆయన నవ్వేశారు. నేను నవ్వలేదు.

తర్వాత తెలిసిన విషయం ఏమిటంటే వీధి పేరు రాయకపోవడం కాదు, రాసి తీసేయడం జరుగుతోంది. ఏ రోడ్డుకైనా ముందు ఎస్టిమేటు ఉంటుంది. పని అయ్యాక ఇంజనీరింగ్ వాళ్లు కొలతలు రాసే పుస్తకం ఉంటుంది, ఎం బుక్కు అంటారు. అందులో పని పేరు మామూలుగా ఎలా ఉంటుందో తెలుసా? 'ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సిమెంటు రోడ్డు.' ఇంటి పేర్లతో సహా ఉంటుంది. ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా ఆ రెండు ఇంటి పేర్లు వింటే చాలు, ఏ వీధో, ఏ కులమో చెప్పేస్తారు. ఆ పేర్లు ఎం బుక్కులో ఉన్నాయి, ఎస్టిమేటులో ఉన్నాయి. ఏడాది చివర అన్నీ కూడి 'సీసీ రోడ్లు' అని ఒక్క అంకె వేసేటప్పటికి మాయమవుతాయి. జనం చేతికి వచ్చేది ఆ చివరి అంకె. అంటే సమాచారం లేక కాదు, మన దాకా వచ్చేటప్పటికి అందులోంచి వీధిని వడకట్టేస్తున్నారు.

మిగతా పద్దుల కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన పద్దు 'శ్మశానవాటిక అభివృద్ధి'.

మా పెదనాన్న అక్టోబరు వానల్లో పోయాడు. మా పేట సమాధుల దొడ్డి కాలవ అవతల ఉంది. గట్టు మీద కొంత దూరం, ఆ తర్వాత చేల మధ్య నుంచి వెళ్లాలి. దారి లేదు, గెనెమే దారి. అప్పటికి వరి పొట్ట మీద ఉంది. పెట్టె మోసే ఆరుగురు గెనెం మీద పట్టరు. కిందికి దిగితే చేను తొక్కినట్టు. చేనుగల ఆసామి వచ్చి నిలబడ్డాడు. గొడవేం పెట్టుకోలేదు. "చూసుకుని నడవండయ్యా, పొట్ట మీదుంది" అని మాత్రం అన్నాడు. ఆయన పంట ఆయనకి ముఖ్యం, కాదనను. మా బాబాయిలు, తమ్ముళ్లు మోకాటి లోతు బురదలో ఒకళ్ల వెనక ఒకళ్లు, పెట్టె ఒక పక్కకి ఒరిగిపోతుంటే భుజాలు మార్చుకుంటూ నడిచారు. పాస్టరు గారు చెప్పులు చేత్తో పట్టుకుని ప్రార్థన చేశారు. బతికినన్నాళ్లూ ఆ పొలాల్లోనే నాట్లు వేసి, కోతలు కోసిన మనిషి ఆయన. చివరికి ఆ చేనుకి బరువయ్యాడు.

ఆ ఏడాది లెక్కల్లో 'శ్మశానవాటిక అభివృద్ధి'కి డబ్బు ఖర్చయింది. దొంగ లెక్క కాదు. ఊరి శ్మశానానికి ప్రహరీ కట్టారు, స్నానాలకి కుళాయిలు పెట్టారు, గేటు పెట్టి రంగు వేశారు. వెళ్లి చూశాను. పని బాగానే చేశారు. ఎవరూ తినలేదు. ఆడిట్‌లో దానికి ఒక్క అభ్యంతరం కూడా రాదు. ఎందుకంటే ఊళ్లో రెండు శ్మశానాలున్నాయన్న సంగతి ఆ పద్దుకి తెలియదు. అవినీతి అంటే అందరికీ కోపం వస్తుంది. ఇక్కడ అవినీతి లేదు. పైసా పైసాకి లెక్క ఉంది. లెక్క సరిగ్గా ఉండి కూడా అన్యాయం జరగవచ్చు. దాన్ని పట్టుకునే చూపు మన ఆడిట్‌కి లేదు.

తీర్మానానికీ వీధికీ మధ్య ఈ దూరం కొత్తదేం కాదు. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టి నెగ్గించారు. ప్రభుత్వ దారులు, బావులు, చెరువులు ఏ కులంవాళ్లయినా వాడుకోవచ్చన్నది దాని సారం. అప్పుడు మన కృష్ణా జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ తీర్మానం ప్రకారం మా తాతల తరం ఊరి చెరువులో కడవ ముంచి ఉండాలి. ముంచలేదని మా మామ్మ బతికున్నన్నాళ్లూ చెప్పేది. ఎవరో ఒకరు పై నుంచి దోసిట్లో పోస్తేనే నీళ్లు.

బొంబాయి వైపు కూడా ఇదే. 1923లో ఎస్.కె. బోలే అక్కడి శాసనమండలిలో అలాంటి తీర్మానమే నెగ్గించారు. 1924 జనవరిలో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. మూడేళ్లు గడిచినా ఒక్క అంటరాని మనిషి కూడా అందులో చెయ్యి ముంచలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ తర్వాత జరిగిందే మనం గుర్తుపెట్టుకోవాలి. జనాన్ని కొట్టారు, చెరువుని పంచగవ్యాలతో 'శుద్ధి' చేశారు. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన పాత తీర్మానాన్ని రద్దు చేసుకుంది. తీర్మానం అమలు కానంతకాలం దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. అమలు చేయబోయిన రోజునే అది ఇబ్బంది అయింది. కోర్టులో ఆ వ్యవహారం తేలేసరికి 1937 వచ్చింది.

అందుకే అంబేడ్కర్ 1932లో బొంబాయి గ్రామ పంచాయతీల బిల్లు వచ్చినప్పుడు మాకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేకుండా పంచాయతీలకు అధికారాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. 1948లో రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్లని గట్టిగా ఎదుర్కొన్నారు. ఆయనకి పల్లె అంటే ద్వేషమని కొందరంటారు. పల్లెలో నీళ్లు ఏ వైపు పారతాయో ఆయనకి తెలుసు, అంతే.

ఇదే లెక్క మనకి పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల కూడా కనిపిస్తుంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో షా అని ఒక చిన్న ఊరు. అదీ డెల్టాయే, పత్తి పండే డెల్టా. కేసు నాటికి జనాభా 2,500. అందులో 1,500 మంది దాకా నల్లజాతివాళ్లు, వెయ్యి మంది తెల్లవాళ్లు. ఆండ్రూ హాకిన్స్ అనే నల్లజాతి ఆయన, ఆయనతో పాటు మరికొందరు ఊరి పాలకవర్గం మీద కేసు వేశారు. వాళ్ల వాదన చాలా సింపుల్. ఊరి డబ్బు ఏ వీధికి వెళ్లిందో చూడండి, అన్నారు. వీధి వీధీ లెక్క తీసి కోర్టు ముందు పెట్టారు. రోడ్డు పడని వీధుల్లో ఉన్న ఇళ్లలో 98 శాతానికి దగ్గర నల్లజాతివాళ్లవి. మురుగు గొట్టం అందని ఇళ్లలో 97 శాతం నల్లవాళ్ల పేటల్లోనే ఉన్నాయి. మంచి కాంతి ఇచ్చే పాదరసపు దీపాలన్నీ తెల్లవాళ్ల వీధుల్లోనే.

ఊరి పాలకవర్గం ఏమందో తెలుసా? మేం రంగు చూసి రోడ్లు వెయ్యలేదు, రాకపోకలు ఎక్కువ ఉన్న వీధులకి ముందు వేశాం, అంది. కింది కోర్టు కేసు కొట్టేసింది. 1971లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని తిరగ్గొట్టింది. మీ మనసులో ఏముందో మాకనవసరం, ఫలితం ఇంత పచ్చిగా కనపడుతుంటే దానికి బలమైన కారణం చూపించాల్సింది మీరే, అన్నది దాని సారాంశం. నేను ఈ కేసు గురించి మొదటిసారి చదివినప్పుడు ఆ ఊరు ఎక్కడో ఉన్నట్టు అనిపించలేదు. దీపాలు, రోడ్లు, మురుగు. మా పంచాయతీ పద్దులు అవే.

షా కథ చెప్పాక మా పేటలో డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ముందుకొచ్చారు. ఒక వారం రోజులు నోటు పుస్తకాలు పట్టుకుని ఊరంతా తిరిగారు. ఏ వీధిలో రాత్రి ఎనిమిదింటికి ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి? కుళాయి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది? కాలవల్లో పూడిక ఎక్కడ తీశారు, ఎక్కడ తీయలేదు? ఎవరినీ తిట్టలేదు, ఎవరితోనూ వాదించలేదు. రాసుకున్నారు అంతే. పెద్ద వీధిలో కుళాయి ముప్పావుగంట వస్తే మాకు పావుగంట, అదీ సన్నటి ధార. మా పేటలో స్తంభాలకి లోటు లేదు, మూడింటికే దీపాలున్నాయి.

వాళ్ల పుస్తకంలో లేని విషయం ఒకటి ఒక పిల్ల వచ్చి నాకు చెప్పింది. తెల్లారగట్లే పెద్ద వీధి ఊడ్చేది, చెత్త బండి లాగేది మాదిగగూడెం ఆడవాళ్లు. ఆ పని ముగించుకుని వాళ్లు ఇంటికి వచ్చేటప్పటికి వాళ్ల గూడెంలో చెత్త అలాగే ఉంది. "మరి మన వీధి ఎవరు ఊడుస్తారత్తా?" అని ఈ పిల్ల అడిగితే, "మన వీధి డ్యూటీలో లేదమ్మా" అందట ఆమె. అదీ నెలల తరబడి జీతం రాని డ్యూటీ.

ఆ మాటతో మనం మనల్ని కూడా అడగాల్సింది ఒకటుంది. మా పేటలో మాలపల్లె ముందు, మాదిగగూడెం వెనక. గొట్టం మాలపల్లె దాకా సగం బలంతో వస్తే గూడెం దాకా వచ్చేటప్పటికి గాలి శబ్దమే వస్తుంది. 'ఎస్సీ కాలనీకి రోడ్డు' అన్న పద్దు కూడా ఏ వీధికి అని అడగకుండా వదిలేస్తే అదే మోసం. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మనలో మనం ఎంత ఘాటుగా తిట్టుకున్నామో అందరికీ గుర్తుంది. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వాళ్లది కావచ్చు. గూడెం చివరి కుళాయి దగ్గర నిలబడి మాట్లాడదాం అంటే మాత్రం ఎవరూ కాదనకూడదు.

ఇక పై లెక్కల సంగతి. పోయిన వారాల్లో సబ్‌ప్లాన్ గురించి రాశాను కాబట్టి చరిత్ర మళ్లీ చెప్పను. ఒక్క విషయం ఈ వీధి గొడవతో కలుపుతాను. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో 789 అనే మైనర్ హెడ్ ఉంటుంది. ఎస్సీల కోసం కేటాయించిన డబ్బుకి గుర్తు అది. ఆ అంకె కనపడితే మన డబ్బు అన్నమాట. దాని వెనక పెద్ద పోరాటం ఉంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సబ్‌ప్లాన్ చట్టం దేశంలో అలాంటి చట్టాల్లో మొదటిది. పదేళ్ల గడువు ముగిసే సమయానికి, 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు.

అయితే ఆ చట్టంలోనే ఒక సందు ఉంది. 'విడదీయలేని మౌలిక సదుపాయాలు' అంటారు. పెద్ద రోడ్డు, పెద్ద ప్రాజెక్టు లాంటివి ఫలానావాళ్లకే అని విడదీయలేం కాబట్టి, దాని ఖర్చులో కొంత భాగం ఎస్సీలకు ఖర్చయినట్టు అనుకోవచ్చు. 'అనుకోవచ్చు' అన్న దగ్గరే మన డబ్బు కాలవలో కలిసిపోతుంది. కర్ణాటక చట్టంలో ఇలాంటిదే 7-డి అనే సెక్షన్ ఉండేది. దళిత సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే 2023లో దాన్ని తీసేశారు. అంతకుముందు ఢిల్లీలో ఎస్సీల కోసం ఉంచిన నిధుల్లోంచి 744 కోట్లు 2010 కామన్వెల్త్ క్రీడల పనులకు మళ్లాయని సమాచార హక్కు కింద బయటపడింది. స్టేడియం కూడా విడదీయలేనిదే కదా! అందరూ చూడొచ్చు కదా! మా ఊరి పెద్దాయన 'ఊరంతా ఒకటే' అన్నదీ, ఢిల్లీలో స్టేడియం అందరిదీ అన్నదీ ఒకే వాదన. ఒకటి అరుగు మీది భాష, ఇంకొకటి ఆఫీసు భాష.

ఇంకో రకం మాయ కూడా ఉంది. జిల్లా పరిషత్తులు, మండల పరిషత్తులు తమ సాధారణ నిధుల్లో 15 శాతం ఎస్సీలకు, 6 శాతం ఎస్టీలకు, 15 శాతం మహిళా శిశు సంక్షేమానికి ఖర్చు పెట్టాలి. మంచి నిబంధన. కానీ మా పేట రోడ్డు అడిగినప్పుడల్లా వచ్చే జవాబు 'మీ పదిహేను శాతంలో చూద్దాం' అనే. అంటే మిగతా 85 శాతంలో మేం లేమా? ఇంటి పన్ను మేం కట్టడం లేదా? కొంటున్న ప్రతి వస్తువు మీదా పన్ను కట్టడం లేదా? మాకు తక్కువలో తక్కువ ఇంత దక్కాలని పెట్టిన హద్దుని, ఇంతకు మించి దక్కకూడదనే హద్దుగా మార్చేశారు. పెద్ద వీధికి రోడ్డు ఊరి డబ్బుతో పడుతుంది, మా వీధికి మా డబ్బుతో పడాలి. ఎప్పుడూ నిండని సంచి లోంచి.

నా మాటలకి సర్పంచులు ఇచ్చే జవాబు నాకు తెలుసు. వాళ్ల జవాబులో నిజం ఉంది కాబట్టి అదీ చెప్పాలి. అసలు పంచాయతీ దగ్గర డబ్బేది? 2018 ఆగస్టులో పాత పాలకవర్గాల గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. గెలిచి వచ్చాక చూస్తే ఆర్థిక సంఘం నిధుల్ని పాత కరెంటు బకాయిలకి సర్దేశారు. సర్పంచులు పార్టీలకి అతీతంగా రోడ్డెక్కారు. వచ్చిన ఆ కాస్త డబ్బులోనూ 15వ ఆర్థిక సంఘం లెక్క ప్రకారం 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే పెట్టాల్సి వచ్చింది. రిజర్వు సీటులో గెలిచిన మన సర్పంచుల కష్టం ఇంకా ఎక్కువ. కుర్చీ ఆమెది, మాట ఇంకొకరిది.

ఇదంతా ఒప్పుకుంటాను. అయినా నా ప్రశ్న మారదు. డబ్బు చాలినంత ఉన్నప్పుడు అందరికీ ఎంతో కొంత అందుతుంది. చాలనప్పుడే ఎవరు ముందు, ఎవరు చివర అన్న వరస బయటపడుతుంది. పైగా అన్నింటికీ డబ్బు అక్కర్లేదు. పిల్లలు రాసిన లెక్క తర్వాతి గ్రామసభలో చదివి వినిపించారు. గొంతు వణుకుతూనే చదివింది ఆ పిల్ల. గొడవ అవుతుందనుకున్నాం, కాలేదు. నీళ్లు వదిలే వాల్వు ఒక రోజు ఊరి వైపు ముందు, ఒక రోజు పేట వైపు ముందు తిప్పమని అడిగాం. దీనికి పైసా ఖర్చు లేదు. ఒప్పుకున్నారు. ఇప్పుడు రోజు విడిచి రోజు మా గూడెం చివరి ఇంట్లో బిందె నిండుతోంది. ఇన్నేళ్లు అడ్డుపడింది డబ్బు కాదని దీంతో తేలిపోయింది.

సమాధుల దొడ్డి దారి మాత్రం ఇంకా రాలేదు. దానికి భూమి కొనాలి, డబ్బు కావాలి, ఆసామి ఒప్పుకోవాలి. అర్జీ పెట్టాం. మళ్లీ పెడతాం.

మీ ఊళ్లో ఏం చేయొచ్చో చెప్పి ముగిస్తాను. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపి రికార్డు అన్నారు. సంతోషం. ఎన్ని సభలు జరిగాయన్నది వాళ్ల లెక్క. సభలో ఏం అడిగామన్నది మన లెక్క.

మొదటిది, గ్రామసభకి నాలుగు రోజుల ముందే పేటలో మనం కూర్చోవాలి. ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. నీళ్లు ఎప్పుడొచ్చాయో, ఎంతసేపొచ్చాయో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

రెండోది, ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పనుల జాబితా, ఖర్చులు ఉంటాయి. మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. రీల్స్ చూసే టైములో పది నిమిషాలు అది చూడమనండి.

మూడోది, సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు. 'అవినీతి జరిగింది, విచారణ చేయండి' అని రాయకండి. గత మూడేళ్లలో చేసిన ప్రతి పనికీ ఎస్టిమేటు కాపీ, ఎం బుక్కు కాపీ ఇవ్వండి అని రాయండి. ఇంటి పేర్లు అందులో ఉంటాయి. మిగతాది మీకే తెలుస్తుంది.

నాలుగోది, తీర్మానం. లెక్కల్లో ప్రతి పద్దు పక్కన వీధి పేరు రాయాలని గ్రామసభలో తీర్మానం పెట్టండి. ఓడిపోతే ఓడిపోనివ్వండి. ఎవరెవరు వద్దన్నారో మినిట్సులో రాయించండి. వీధి పేరు రాస్తే ఊరికి వచ్చే నష్టం ఏమిటో వద్దన్నవాళ్లు చెప్పాలి.

కిందటి నెల మా పెద్దమ్మ మళ్లీ వేలిముద్ర వేయాల్సి వచ్చింది. ఈసారి రిజిస్టరు పట్టుకొచ్చిన కుర్రాణ్ణి ఆవిడే ఆపి అడిగింది: "ఏ వీధికి నాయనా?" అది వీధికి కాదు, ఏదో పింఛను కాగితం. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం చదివి వినిపించేదాకా వేలు సిరా మీద పెట్టలేదు.

వచ్చే వారం చేపల చెరువు పాట గురించి. ఊరి చెరువుల్ని పంచాయతీ వేలం వేస్తుంది కదా, ఆ పాటలో మనవాళ్లు ఎందుకు ఉండరు, ఆ డబ్బు ఎటు పోతుంది? మీ ఊళ్లో పాట ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు రాయండి, కలుపుతాను.

జై భీమ్.